పోగు ఎటు నడిస్తే బలం అటు

ఎండు కట్టెను నిలువుగా నిలబెట్టి గొడ్డలితో ఒక్క దెబ్బ వేస్తే రెండుగా చీలిపోతుంది. అదే కట్టెను పడుకోబెట్టి అడ్డంగా కొట్టండి. పది దెబ్బలు వేసినా తెగకపోవచ్చు. గొడ్డలి అదే, కట్టె అదే, కొట్టే చెయ్యీ అదే. మరి తేడా ఎక్కడుంది?

కట్టె లోపల ఉంది. చెట్టు మాను నిండా సెల్యులోజ్ అనే పదార్థంతో తయారైన సన్నని పోగులు నిలువుగా సాగి ఉంటాయి. లిగ్నిన్ అనే మరో పదార్థం వాటిని జిగురులా అంటిపెట్టుకుని ఉంటుంది. అడ్డంగా నరికేటప్పుడు గొడ్డలి వేలకు వేలు పోగులను తెంచాలి. నిలువుగా చీల్చేటప్పుడు పోగుల జోలికి పోనక్కర్లేదు. వాటి మధ్యనున్న జిగురును విడదీస్తే చాలు.

ఈ చిన్న సంగతిని గట్టిగా గుర్తుంచుకోండి. పోగులు కలిపిన ప్లాస్టిక్‌తో పొర మీద పొర పేర్చి వస్తువులు తయారు చేసే కొత్త విద్య ఒకటి ఈమధ్య బాగా పెరుగుతోంది. ఆ విద్యలోని గొప్పతనమూ, దానికున్న చిక్కూ రెండూ ఈ కట్టెలోనే ఉన్నాయి.

రెండు కలిస్తే

గడ్డిపరక తనంతట తాను నిలబడదు. ఒట్టి మట్టితో గోడ పెడితే ఎండి బీటలు వారుతుంది. అందుకే మట్టిగోడ పెట్టేవాళ్లు వరిగడ్డి ముక్కలు కలిపి మట్టిని తొక్కుతారు. మట్టి గడ్డిని పట్టుకుని ఉంచుతుంది. గడ్డి మట్టిని బీటలు వారనివ్వదు. ఇలా వేరు వేరు గుణాలున్న రెండు పదార్థాలు తమ రూపం పోగొట్టుకోకుండా కలిసి, ఏ ఒక్కదానికీ లేని గుణాన్ని సాధిస్తే దాన్ని సమ్మిళిత పదార్థం అంటాం. ఇంగ్లీషులో దీన్నే కాంపోజిట్ అంటారు.

కలపడమే కాదు, ఎక్కడ పెడుతున్నామన్నది కూడా ముఖ్యం. ఇంటి స్లాబులో ఇనుప చువ్వలను ముఖ్యంగా కింది అంచుకు దగ్గరగా వేస్తారు. ఎందుకు? రెండు గోడల మధ్య స్లాబు బరువుకు కిందికి వంగాలని చూస్తుంది. అప్పుడు దాని పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది కానీ సాగదీస్తే పగులుతుంది. కనుక సాగే చోట ఇనుము ఉండాలి. కిటికీ మీది సన్‌షేడు సంగతి వేరు. అది ఒక వైపే గోడలో పాతుకుని ఉంటుంది. రెండో అంచు కిందికి వాలాలని చూస్తుంది. అందువల్ల అక్కడ సాగేది పైభాగం. చువ్వలు పైనే ఉండాలి. ఎవరైనా వాటిని కింద వేశారనుకోండి. ఇనుము ఖర్చు అంతే, సిమెంటు ఖర్చూ అంతే. సన్‌షేడు మాత్రం కూలుతుంది.

వెంట్రుక కంటే సన్నని బలశాలి

ఈనాటి సమ్మిళిత పదార్థాలలో ఎక్కువ పేరున్నది కార్బన్ పోగు. స్వెట్టర్లు అల్లే ఆక్రిలిక్ ఊలు జాతికి చెందిన పోగులను మొదట గాలిలో 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. తరువాత గాలి తగలకుండా 1000 డిగ్రీలకు పైగా కాలుస్తారు. మిగతా మూలకాలు చాలావరకు వెళ్లిపోయి నల్లని కార్బన్ పోగు మిగులుతుంది. దాని మందం 5 నుంచి 7 మైక్రోమీటర్లు. మన తలవెంట్రుక మందంలో ఇది పదో వంతు మాత్రమే.

ఇంత సన్నని దానికి అంత బలం ఎక్కడిది? ఈ ప్రశ్నకు దారి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన ఏ.ఏ. గ్రిఫిత్. గాజును సన్నటి పోగులుగా లాగి, వాటిని తెంచి చూశాడు. పోగు సన్నబడే కొద్దీ, దాని మందంతో పోల్చి చూస్తే బలం పెరుగుతూ వచ్చింది. లావు గాజుకడ్డీలో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి, కడ్డీ విరిగేది వాటి దగ్గరే అని 1921లో ఆయన వివరించాడు. సన్నని పోగులో పెద్ద పగులుకు చోటే లేదు. పైగా వేల పోగులను జిగురులో పొదిగితే, ఒకటి తెగినా ఆ పగులు జిగురు దగ్గర ఆగుతుంది. పక్క పోగులు ఆ బరువును మోస్తాయి.

కాస్త లెక్క చేద్దాం

సాగదీసినప్పుడు ఒక పదార్థం ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే సంఖ్య యంగ్ గుణకం. దీన్ని గిగాపాస్కళ్లలో కొలుస్తారు. మామూలు రకం కార్బన్ పోగుకు ఇది సుమారు 230. ప్లాస్టిక్‌కు సుమారు 3 అనుకుందాం. ఒక కడ్డీ ఘనపరిమాణంలో 30 శాతం కార్బన్ పోగులు, 70 శాతం ప్లాస్టిక్ ఉన్నాయి. పోగులన్నీ కడ్డీ పొడవునా ఉన్నాయి.

పోగుల వెంబడి లాగితే రెండూ సమానంగా సాగాలి. అప్పుడు కడ్డీ యంగ్ గుణకం:

0.3 × 230 + 0.7 × 3 = 69 + 2.1 = 71.1

అల్యూమినియం యంగ్ గుణకం సుమారు 70. అంటే మన కడ్డీ దానికి సాటి వచ్చింది! మరి బరువు? ఒక ఘన సెంటీమీటరు కార్బన్ పోగు 1.8 గ్రాములు, ప్లాస్టిక్ 1.1 గ్రాములు తూగుతాయనుకుంటే కడ్డీ సాంద్రత 1.31 వస్తుంది. అల్యూమినియం సాంద్రత 2.7. సగం బరువుకే అంత దృఢత్వం.

ఇప్పుడు అదే కడ్డీని పోగులకు అడ్డంగా లాగుదాం. ఈసారి బలం పోగు గుండా, ప్లాస్టిక్ గుండా ఒకదాని తరువాత ఒకటిగా పోతుంది. ప్లాస్టిక్ సాగిపోతుంటే పోగు చేయగలిగింది లేదు. లెక్క ఇలా మారుతుంది:

1 ÷ (0.3/230 + 0.7/3) = సుమారు 4.3

ఒక వైపు 71, మరో వైపు 4. పోగు తగ్గలేదు, ప్లాస్టిక్ మారలేదు. మారింది దిక్కు ఒక్కటే!

పోగును పరిచే పాత పద్ధతి

కార్బన్ పోగులను జిగురులో తడిపిన బట్టలా చేసి, ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా, ఒక పొర ఏటవాలుగా అచ్చు మీద పరుస్తారు. తరువాత ఒత్తిడితో కూడిన పెద్ద కొలిమిలో పెట్టి గట్టిపరుస్తారు. బోయింగ్ 787 విమానం బరువులో సగం ఇలాంటి పదార్థాలే. ఆ విమానం మొదటిసారి ఎగిరింది 2009 డిసెంబరులో. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగరవేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు శరీరం కూడా కార్బన్ సమ్మిళిత పదార్థమే.

అయితే ఈ దారి అంత సులువుగా పడలేదు. ఇంగ్లండులో రోల్స్ రాయిస్ కంపెనీ తన ఆర్‌బీ 211 ఇంజనుకు ముందు ఉండే పంకా రెక్కలను కార్బన్ పోగుతో చేసింది. ఎగిరే విమానానికి పక్షి తగిలితే ఏమవుతుందో చూడాలి కదా! 1970లో ఆ పరీక్ష చేసినప్పుడు రెక్కలు ముక్కలైపోయాయి. లాగుడును అద్భుతంగా ఓర్చుకునే రెక్క, పక్క నుంచి తగిలిన దెబ్బకు ఓర్చుకోలేదు. టైటానియం రెక్కలకు మారవలసి వచ్చింది. ఇంజను ఖర్చులు తడిసి మోపెడై 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది, ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. కార్బన్ పోగు రెక్కలు విమాన సేవలో నిలదొక్కుకున్నది 1995లో జీఈ 90 ఇంజనుతోనే. వాటి ముందంచుకు టైటానియం తొడుగు వేశారు. దెబ్బ ఎటు నుంచి వస్తుందో ముందే ఆలోచించాలని దీని పాఠం.

జంతికల గొట్టం వంటి యంత్రం

పాత పద్ధతిలో ప్రతి వస్తువుకూ ఒక అచ్చు కావాలి. వెయ్యి వస్తువులు చేస్తే అచ్చు ఖర్చు గిట్టుబాటు అవుతుంది. ఒక్కటే కావాలంటే? ఇక్కడే త్రీడీ ప్రింటింగ్ ముందుకు వస్తుంది.

మీ ఇంట్లో జంతికలు వత్తడం చూసే ఉంటారు. గొట్టంలో పిండి పెట్టి నొక్కితే బిళ్ల రంధ్రం గుండా తీగలా దిగుతుంది. చేతిని తిప్పుతూ చుట్టలుగా వేస్తారు. ఈ యంత్రమూ అంతే. పిండికి బదులు ప్లాస్టిక్ తీగ ఉంటుంది. వేడి ముక్కులో అది కరిగి, తరచుగా 0.4 మిల్లీమీటర్ల రంధ్రం గుండా బయటికి వస్తుంది. కంప్యూటరు చెప్పిన దారిలో ముక్కు కదులుతూ ఒక పొర వేస్తుంది. దాని మీద ఇంకో పొర. అలా కొన్ని వందల పొరలు పడేసరికి వస్తువు తయారవుతుంది. ఈ పద్ధతికి అమెరికా ఇంజనీరు స్కాట్ క్రంప్ 1989లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది 1992లో వచ్చింది. అంతకుముందే, 1986లో, ద్రవాన్ని కాంతితో పొరలు పొరలుగా గట్టిపరిచే మరో పద్ధతికి చక్ హల్ పేటెంటు పొందాడు.

ఒక తేడా గమనించండి. ఇడ్లీ ఒకసారి ఉడికాక మళ్లీ పిండి కాదు. నెయ్యి మాత్రం ఎన్నిసార్లయినా కరుగుతుంది, పేరుకుంటుంది. విమానాల్లో ఎక్కువగా వాడే ఎపాక్సీ జిగురు ఇడ్లీ వంటిది. తీగలా కరిగించి ప్రింటు చేసే నైలాన్ వంటి ప్లాస్టిక్‌లు నెయ్యి వంటివి.

పొట్టి పోగులు

ప్లాస్టిక్‌తో ప్రింటు చేసిన వస్తువు బొమ్మకు సరిపోతుంది గానీ బరువులకు ఆగదు. అందుకని దానిలో కార్బన్ పోగులను చిన్న చిన్న ముక్కలుగా కలిపి చూశారు. మట్టిలో గడ్డి కలిపినట్టే! కాలవలో అడ్డదిడ్డంగా కొట్టుకొచ్చే గడ్డిపరకలు ఇరుకు తూములో దూరేటప్పుడు నీటి వాలుకు తిరుగుతాయి. ప్రింటరు ముక్కులోనూ అదే జరుగుతుంది. పొట్టి పోగుల్లో చాలా భాగం ముక్కు కదిలే దారిలోకి తిరిగిపోతాయి. ఈ పోగులు ఇత్తడి ముక్కును త్వరగా అరగదీస్తాయి కనుక గట్టిపరిచిన ఉక్కు ముక్కు వాడతారు.

దీనివల్ల మరో లాభం కూడా ఉంది. వేడి ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోతుంది. పెద్ద వస్తువైతే, ఎండలో అప్పడం అంచులు లేచినట్టు మూలలు పైకి లేస్తాయి. కార్బన్ పోగు వేడికి తన పొడవునా దాదాపు వ్యాకోచించదు. వేడిని త్వరగా పంచుతుంది కూడా. అందువల్ల మూలలు లేవడం తగ్గుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఈ సంగతిని 2014లో నిరూపించింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో షికాగోలో జరిగిన యంత్ర ప్రదర్శనలో, కార్బన్ పోగు కలిపిన ప్లాస్టిక్‌తో స్ట్రాటి అనే కారు శరీరాన్ని జనం కళ్ల ముందే ప్రింటు చేశారు. 2016లో అదే ప్రయోగశాల బోయింగ్ 777ఎక్స్ రెక్కల తయారీలో వాడడానికి ఒక పనిముట్టును ప్రింటు చేసింది. దాని పొడవు 17.5 అడుగులు, బరువు దాదాపు 750 కిలోలు. పట్టిన సమయం 30 గంటలు. లోహంతో అయితే నెలలు పట్టే పని అది.

నిడివి పోగులు

పొట్టి పోగుకు ఒక లోపం ఉంది. గట్టిగా లాగితే అది తెగకుండానే ప్లాస్టిక్‌లోంచి ఊడి వస్తుంది. దాని పూర్తి బలం మనకు దక్కదు. అందుకని తెగకుండా సాగే నిడివి పోగునే ప్రింటరులోకి ఎక్కించారు. ఇలాంటి యంత్రాన్ని మార్క్‌ఫోర్జ్‌డ్ అనే అమెరికా కంపెనీ 2014లో ప్రకటించింది.

2016లో టోక్యో విజ్ఞానశాస్త్ర విశ్వవిద్యాలయం వారు వేరొక ఏర్పాటు చేశారు. పోగు ఒక దారిన, ప్లాస్టిక్ ఒక దారిన వచ్చి వేడి ముక్కులోనే కలుస్తాయి. వాళ్లు వాడిన ప్లాస్టిక్ పేరు పీఎల్ఏ. ఇది మొక్కజొన్న వంటి పంటల పిండిపదార్థం నుంచి వస్తుంది. దానిలో ఘనపరిమాణంలో 6.6 శాతం మాత్రమే కార్బన్ పోగు పెట్టారు. యంగ్ గుణకం 19.5 గిగాపాస్కళ్లకు చేరింది. ఒట్టి పీఎల్ఏతో పోలిస్తే దాదాపు 6 రెట్లు! తెగడానికి పట్టే బలం 4 రెట్లు దాటింది. మనం ఇందాక చేసిన లెక్కనే ఇక్కడ పెట్టి చూడండి. పోగుకు 230, పీఎల్ఏకు 3.3 అనుకుంటే సుమారు 18 వస్తుంది. కాగితం మీది లెక్కా, ప్రయోగశాల కొలతా దగ్గర దగ్గరగా ఉన్నాయి చూశారా! అన్నట్టు, వాళ్లు కార్బన్ పోగుతో పాటు మనకు తెలిసిన జనపనారను కూడా ప్రింటు చేసి చూశారు.

నిడివి పోగుతో వచ్చిన అసలు లాభం ఏమిటంటే, పోగును ఎటు నడపాలో ఇప్పుడు మనమే నిర్ణయించుకోవచ్చు. రంధ్రం ఉంటే దాని చుట్టూ తిప్పవచ్చు. వంపు ఉంటే వంపు వెంట నడపవచ్చు. పొట్టి పోగులకూ ఇలాంటి అదుపు సాధించారు. 2018లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ లూయిస్ బృందం ప్రింటరు ముక్కును గుండ్రంగా తిప్పుతూ, ఏ చోట పోగులు ఎంత ఏటవాలుగా ఉండాలో అంత ఏటవాలుగా పడేలా చేసింది.

చిక్కు ఎక్కడుంది?

జంతికను విరిచినప్పుడు తరచుగా చుట్టకూ చుట్టకూ మధ్యనే విడిపోతుంది. ప్రింటు చేసిన వస్తువు బలహీనతా అక్కడే. దీనికి మూడు కారణాలు. ఒకటి, ముక్కు పొరలోనే తిరుగుతుంది కనుక పోగులు పొరలోనే ఉంటాయి. ఒక పొర నుంచి పై పొరకు దాటే పోగు లేదు. రెండు, కింది పొర అప్పటికే చల్లారి ఉంటే దాని అణువులు పై పొర అణువులతో సరిగా అల్లుకోవు, ఊరికే అంటుకుంటాయి. మూడు, గుండ్రని తీగలు పక్కపక్కన పడితే మధ్యలో సన్నని ఖాళీలు మిగులుతాయి.

అంటే, పొరలను విడదీసే వైపు లాగితే మనకు దక్కేది కార్బన్ బలం కాదు, ప్లాస్టిక్ బలమే. అదీ పూర్తిగా దక్కదు. గొడ్డలితో నిలువుగా చీల్చిన కట్టె గుర్తుందా? అదే సంగతి.

విరుగుళ్లు వెతుకుతున్నారు. కొత్త పొర పడే ముందు కింది పొరను పరారుణ కిరణాలతో వేడి చేయడం ఒకటి. పడిన పోగును రోలరుతో అదమడం ఒకటి. వస్తువులో నిలువు గుంటలు వదిలి, కొన్ని పొరలకు ఒకసారి వాటిలోకి కరిగిన పదార్థాన్ని మేకులా దింపడం మరొకటి. దీన్ని ఓక్ రిడ్జ్, టెన్నెసీ పరిశోధకులు 2019లో వివరించారు. ఇంకొందరు రోబో చేతికి ముక్కు బిగించి, బల్లపరుపుగా కాకుండా వంపు పొరలు వేస్తున్నారు. ఏ ఒక్కటీ ఈ చిక్కును పూర్తిగా తీర్చలేదు. అందుకే నేటికీ విమానపు ప్రధాన రెక్కలను ఇలా ప్రింటు చేయడం లేదు.

ఒక పిల్లవాడి కాలు

ఇదంతా విమానాల వాళ్ల గొడవ అనుకోకండి. హైదరాబాదులో క్షిపణులకు కావలసిన తేలికైన సమ్మిళిత పదార్థాలు తయారవుతున్న రోజుల్లో, నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల వైద్యుడొకరు వాటిని చేత్తో ఎత్తి చూశారు. పోలియో సోకిన పిల్లలు అప్పట్లో మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. క్షిపణి శాస్త్రవేత్తలు ఆ పిల్లలకు 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చారు. తనకు ఎంతో ఆనందం కలిగించిన పనుల్లో ఇదొకటని ఏ.పీ.జే. అబ్దుల్ కలాం చాలాసార్లు చెప్పారు.

అవి ప్రింటు చేసినవి కావు. కానీ ఆలోచించండి. ప్రతి పిల్లవాడి కాలూ వేరు. పైగా ఎదిగే కాలు, కొన్నాళ్లకు మళ్లీ కొత్త కొలత. ప్రతిసారీ అచ్చు చేయనక్కర్లేకుండా, కాలి కొలత కంప్యూటరుకు ఇచ్చి ప్రింటు చేస్తే ఎంత మేలు!

అయితే ఆ కాలిపరును ఎలా ప్రింటు చేయాలి? పిక్క నుంచి మడమ మీదుగా పాదం కిందికి వచ్చే పట్టీ అది. నడిచే పిల్లవాడి ప్రతి అడుగుకూ మడమ దగ్గర వంగుతుంది. దాన్ని నిలబెట్టి ప్రింటు చేస్తే పొరలన్నీ అడ్డంగా, ఒకదానిపై ఒకటి పడతాయి. వంగిన ప్రతిసారీ పొరలను విడదీసే లాగుడే. ఒకనాడు మడమ దగ్గర విడిపోతుంది, పిల్లవాడు పడిపోతాడు. పక్కకు పడుకోబెట్టి ప్రింటు చేస్తే పోగు పిక్క నుంచి మడమ వంపు తిరిగి పాదం దాకా తెగకుండా నడుస్తుంది. పదార్థం అదే, యంత్రం అదే, రూపమూ అదే. ఒకటి నిలుస్తుంది, ఒకటి విరుగుతుంది. బయటికి చూస్తే రెంటికీ తేడా కనిపించదు. కాబట్టి చేసేవాడికి తెలిసి ఉండాలి, చేసిన తరువాత వేలసార్లు వంచి పరీక్షించాలి.

చేసి చూడండి

కావలసినవి: బంకమట్టి, వరిగడ్డి, రెండు ఇటుకలు, దారం, చిన్న డబ్బా, ఇసుక.

20 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల మందంతో నాలుగు మట్టి కడ్డీలు చేయండి. మొదటిది ఒట్టి మట్టి. రెండోదానిలో గడ్డిని చిన్న ముక్కలుగా కత్తిరించి కలపండి. మూడోదానిలో అంతే తూకం గడ్డిని కత్తిరించకుండా, కింది అంచుకు దగ్గరగా పొడవునా పెట్టండి. ఏది కింది వైపో గుర్తు పెట్టుకోండి. నాలుగోదాన్ని రెండు సగాలుగా చేయండి. రెంటిలోనూ గడ్డి పొడవునా పెట్టండి. ఒక సగం ఒక రోజు ఆరిన తరువాత రెండో సగాన్ని దానికి అతికించండి. అతుకు మీదుగా గడ్డి పోకూడదు.

నాలుగింటినీ నీడలో వారం రోజులు ఆరబెట్టండి. ఒక్కొక్కదాన్ని 15 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఇటుకల మీద పెట్టి, నడుమ దారంతో డబ్బా వేలాడదీయండి. నెమ్మదిగా ఇసుక పోయండి. ఎంత ఇసుకకు విరిగిందో తూచి రాసుకోండి. విరిగిన తీరు కూడా రాసుకోండి. ఏది ఒక్కసారిగా పడింది? ఏది పగిలినా గడ్డిని పట్టుకుని వేలాడింది?

ప్రశ్నలు

1. మూడో కడ్డీని తలకిందులుగా పెట్టి పరీక్షిస్తే ఏమవుతుంది? సన్‌షేడు ఉదాహరణతో వివరించండి.
2. పోగు శాతం 30 నుంచి 50కి పెంచితే వెంబడి, అడ్డంగా యంగ్ గుణకాలు ఎంతవుతాయి? ఏది ఎక్కువగా పెరిగింది?
3. గోడకు కొట్టి సంచీ తగిలించే కొక్కేన్ని ప్రింటు చేయాలి. నిలబెట్టి చేస్తారా, పడుకోబెట్టి చేస్తారా? బొమ్మ గీసి, పోగులు నడిచే దారిని బాణాలతో చూపండి.